పాత బండికి పానా పట్టాలా, షెడ్డుకు తోలాలా?

ప్రశ్న: నా దగ్గర 2002 నాటి హోండా సిటీ 1.5 వీటెక్ ఉంది. మా కుర్రాళ్ల లెక్కలో ఇప్పటికీ స్పోర్ట్స్ కారే. ఇంజను, గేర్‌బాక్సు కలిసే చోట ఆయిలు కారుతోంది. గేర్‌బాక్సు దించి వెనక ఆయిల్ సీలు మార్చాలని షెడ్డులో అంటున్నారు. బ్రేకు పెడలు మెత్తగా దిగుతోంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో పాత ఓనరుకు గుర్తు లేదు. నాకు పానాలు పట్టడం కొంత వచ్చు. వీటిలో నేను చేసుకోదగ్గవి ఏవి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు ఆ గేర్‌బాక్సు దించనివ్వకండి. ఈ ఇంజనులో డిస్ట్రిబ్యూటరు (ప్లగ్గులకు కరెంటు పంచేది), వీటెక్ సొలినాయిడ్ (వాల్వుల దగ్గరికి ఆయిలు ఒత్తిడిని వదిలే స్విచ్చు) రెండూ హెడ్డుకు, అంటే ఇంజను పై భాగానికి, గేర్‌బాక్సు వైపునే ఉంటాయి. వాటి రబ్బరు ఎండి గట్టిపడితే ఆయిలు హెడ్డు మీంచి జారి, సరిగ్గా వెనక సీలు పోయినట్టే కింద బొట్లు పడుతుంది. పైన చూడకుండా కిందే చూసి గేర్‌బాక్సు దించిన బండ్లు చాలానే ఉన్నాయి. కారేది ఎక్కడో కనిపెట్టడం మాత్రం మీ పనే. షెడ్డులో అంత ఓపిక ఎవరికీ ఉండదు.

డిస్ట్రిబ్యూటరుకు, ఆల్టర్నేటరుకు ప్లాస్టిక్ కవరు చుట్టి, చల్లారిన ఇంజనును డీగ్రీజరు, బ్రష్షుతో కడగండి. ప్రెషర్ వాషరు వాడొద్దు. బాగా ఆరాక హెడ్డు పక్కన, వెనక టాల్కమ్ పౌడరు చల్లి 20, 30 కిలోమీటర్లు తిప్పి రండి. టార్చి, చిన్న అద్దం పెట్టి పై నుంచి కిందకు చూస్తే పౌడరు మొదట ఎక్కడ తడిసిందో కనిపిస్తుంది. పైనంతా పొడిగా ఉండి బెల్ హౌసింగ్ (ఇంజనుకు ఆనుకునే గేర్‌బాక్సు గుల్ల) కింద మాత్రమే ఆయిలు ఉంటే షెడ్డు వాళ్ల మాటే నిజం. అప్పుడు గేర్‌బాక్సు దించినప్పుడే క్లచ్ ప్లేటు కూడా చూపించండి, మళ్లీ అదే కూలి ఇవ్వక్కర్లేదు.

కారేది వాల్వ్ కవరు (హెడ్డు మీది మూత) ప్యాకింగు నుంచి అయితే మీరే మార్చుకోవచ్చు. ప్లగ్గు గొయ్యిల్లో ఆయిలు ఉంటే ఆ గొట్టాల సీళ్లు కూడా కొనండి. సిలికాన్ పేస్టు మూలల్లో మాత్రమే, అదీ కొద్దిగా. నట్లను అటొకటి ఇటొకటి చొప్పున రెండు మూడు విడతల్లో 10 న్యూటన్ మీటర్లకు బిగించాలి. అది మణికట్టు బలం, మోచేతి బలం కాదు. ఎక్కువ బిగిస్తే స్టడ్డు తెగుతుంది, అక్కడితో పని లేత్ షాపుకు చేరుతుంది. డిస్ట్రిబ్యూటరు ఓ-రింగుకైతే బోల్టులు వదులు చేసేముందే దాని ఒంటికీ హెడ్డుకూ కలిపి గీత గీయండి. గీత తప్పితే ఇగ్నిషన్ టైమింగ్ మారిపోతుంది. సొలినాయిడ్ ప్యాకింగులో సన్న జాలీ ఉంటుంది, పాతదాన్ని కడిగి పెట్టే బదులు కొత్తదే వేయండి.

బ్రేకుల సంగతి వేరు. తప్పు చేస్తే ఆయిలు కారినట్టు నెమ్మదిగా తెలియదు. అయినా ఫ్లూయిడ్ మార్చడం జాగ్రత్త గల మనిషి చేయగలిగినదే. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీలుస్తుంది, మన డెల్టా గాలికి ఆ కొరత లేదు. డాట్ 3 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. సీలు తీయని సీసాల్లో లీటరు డాట్ 3 గాని డాట్ 4 గాని తెచ్చుకోండి, డాట్ 5 వద్దు. నిపిల్స్ (చక్రాల దగ్గర ఫ్లూయిడ్, గాలి బయటకు వదిలే మరలు) మీద ముందు రాత్రే తుప్పు వదిలించే ఆయిలు కొట్టి, కొలతకు సరిపోయే రింగ్ పానానే వాడండి. నిపిల్ కదలకపోతే ఆపేయండి. విరిగిందంటే క్యాలిపరు ఊడదీయాలి.

మీరు నిపిల్ వదులు చేసి పాత ఫ్లూయిడ్, గాలి తీస్తుంటే లోపల పెడలు తొక్కేవాళ్లకు ఒక మాట చెప్పాలి, నేల తాకేదాకా తొక్కొద్దు. మాస్టర్ సిలిండరులో (పెడలు తోసే బ్రేకు పంపు) రోజూ వాడని చివరి భాగంలో తుప్పు ఉంటుంది, సీలు దానిమీదికి వెళ్తే చిరుగుతుంది. పెడలు కింద చెక్కముక్క పెడితే సరి. గాలి తీశాక కూడా, కాలు అదిమి ఉంచితే పెడలు నెమ్మదిగా కిందకు పోతుంటే, బయట లీకు లేకపోతే, మాస్టర్ సిలిండరు పోయినట్టే. అదీ, తుప్పు పట్టిన ఇనుప పైపులూ షెడ్డు పనులు. అంతదాకా బండి బయటకు తీయకండి.

టైమింగ్ బెల్టు (క్రాంకుకూ వాల్వులకూ లయ కలిపేది) షెడ్డులోనే చేయించండి. మార్చిన తేదీ తెలియకపోతే మార్చనట్టే లెక్క. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, తర్వాత హెడ్డు పట్టుకుని విజయవాడ ఆటోనగర్ దాకా తిరగాలి. క్రాంక్ పుల్లీ బోల్టు మామూలు పానాకు లొంగదు, పుల్లీని పట్టి ఉంచే ప్రత్యేక పరికరం కావాలి. ఒక్కసారి పనికి అది కొనడం దండగ. విడిభాగాలు మాత్రం మీరే కొనివ్వండి: బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు, క్యామ్ సీలు, క్రాంక్ సీలు. వాటర్ పంపు ఆ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి విడిగా వదిలేయడం తెలివి కాదు. బెల్టు వేశాక స్టార్టు చేయకముందు క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు మళ్లీ చూపించమనండి. ఈ ఇంజను అపసవ్య దిశలో తిరుగుతుంది, అలవాటు లేనివాళ్లు తప్పు చేసేది అక్కడే. పాత భాగాలు ఇంటికి తెచ్చుకోండి. కూలెంటు నింపేటప్పుడు మీరు దగ్గరుండాలి, ఉప్పు తగిలే బోరు నీళ్లు పోస్తే అల్యూమినియం హెడ్డు తినేస్తుంది.

ప్రశ్న: పెరట్లో జాకీ పెడితే కారు లేవకుండా డోరు కింది అంచు లోపలికి నొక్కుకుపోయింది. ఎలా?
– అమలాపురం

జవాబు: అది తుప్పు, జాకీ తప్పు కాదు. ఆ అంచు పొడవునా స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడండి. మొద్దు శబ్దం వచ్చిన చోట రేకు పోయినట్టే. కోసి కొత్త రేకు వెల్డింగు చేయించడం టింకరింగు షెడ్డు పని, పైన లప్పం పూసి రంగు వేస్తే ఒప్పుకోకండి. తర్వాత లోపలి బోలులోకి వ్యాక్స్ కొట్టడం, డ్రెయిన్ రంధ్రాల్లో మట్టి తీయడం మీరు చేసుకోవచ్చు. ఒండ్రు నేలలో జాకీ కింద మందపాటి పలక లేకుండా ఎత్తకండి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందకు దూరొద్దు.

ప్రశ్న: వరదలో కారు సీటు దాకా మునిగింది. నీరు తీశాక స్టార్టు చేసి చూడవచ్చా?
– రాజోలు దగ్గరి లంక గ్రామం

జవాబు: తాళం తిప్పొద్దు. నీటి గీత కనిపించేలా ఫోటోలు తీసి ఇన్సూరెన్సు వాళ్లకు చెప్పండి. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. డిప్‌స్టిక్ మీద ఆయిలు మజ్జిగలా ఉన్నా, ఎయిర్ ఫిల్టరు తడిసినా మీ పని అక్కడితో సరి, లారీ మీద షెడ్డుకు పంపండి. నీళ్లున్న సిలిండరును స్టార్టరుతో తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మామూలు పాలసీలు ఆ నష్టాన్ని సాధారణంగా ఇవ్వవు, దానికి ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా ఉండాలి. సీట్లు, కార్పెట్లు విప్పి ఎండబెట్టడం మీరు చేయొచ్చు. సీటు కింద పసుపుపచ్చ కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగువి.