వాక్యూమా, ఆపరేషనా? నేనూ ముందే తేల్చుకుని వెళ్లాను

కాన్పు కష్టమైతే వాక్యూమ్ (బిడ్డ తలకి అంటించి లాగే కప్పు), ఫోర్సెప్స్ (తలని రెండు పక్కలా పట్టి లాగే పటకారు) లాంటివి పెట్టి తీయడం మంచిదా, సిజేరియన్ మంచిదా, "నాకు పరికరాలు వద్దు, నేరుగా ఆపరేషనే చేసేయండి" అని ముందే చెప్పేయొచ్చా అని అడిగారు. నేను అచ్చం అలాగే చెప్పాను. ఎనిమిదో నెల చెకప్‌లో, చాలా గట్టిగా. డాక్టర్ మేడమ్ నవ్వి "అప్పటికి చూద్దాంలే" అన్నారు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది.

తీరా ఆ రోజు రానే వచ్చింది. పద్నాలుగు గంటల నొప్పులయ్యాక గర్భసంచి ముఖద్వారం పూర్తిగా, అంటే పది సెంటీమీటర్లు తెరుచుకుంది, ఇక ముక్కమన్నారు. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మందు) ఇచ్చారు కాబట్టి నొప్పి ఓర్చుకోగలిగాను గానీ, ఎటు ముక్కుతున్నానో నాకే తెలియలేదు. రెండు గంటలు. సిస్టర్ "జుట్టు కనిపిస్తోందమ్మా, ఇంకొక్కసారి" అంటుంది, నేను ముక్కుతాను, తల కాస్త ముందుకొచ్చి మళ్లీ లోపలికి పోతుంది. అలా ఎన్ని "ఇంకొక్కసారి"లు విన్నానో లెక్కలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా మానిటర్‌లో బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించేది. మొదట్లో వెంటనే పుంజుకునేది. తర్వాత్తర్వాత పుంజుకోవడానికి టైమ్ పట్టసాగింది. గదిలో మాటలు తగ్గిపోయాయి. నాకు భయం వేసింది ఆ చప్పుడుకి కాదు, వీళ్లు మాట్లాడకపోవడానికి.

మేడమ్ చేత్తో పరీక్ష చేసి చెప్పిన మాటలు నాకిప్పటికీ గుర్తే. "తల బాగా కిందికి దిగింది, కొంచెం పక్కకి తిరిగి ఉంది. కప్పు పెడతాను, నొప్పి వచ్చినప్పుడు నువ్వు ముక్కు, నేను లాగుతాను. ఆపరేషనే కావాలంటే చేస్తాను. కానీ ఇంత కింద ఇరుక్కున్న తలని మళ్లీ పైకి తోసి పొట్టలోంచి తీయాలి. నువ్వు ఊహించుకున్న ఆపరేషన్ ఇది కాదు."

మీకు చెప్పాలనుకున్నది ఇదే. మనం ఇంట్లో కూర్చుని వాక్యూమ్‌ని పోల్చేది ముందే తేదీ ఖాయం చేసుకుని, ప్రశాంతంగా వెళ్లి చేయించుకునే సిజేరియన్‌తో. ఆ క్షణంలో అలాంటి సిజేరియన్ ఉండదు. ఉన్నది పూర్తిగా తెరుచుకున్నాక, తల కటిలో దిగబడ్డాక చేసే ఆపరేషన్. దాంట్లో గర్భసంచి మీద పెట్టిన కోత ఇంకా చీలే ప్రమాదం, రక్తం పోయే ప్రమాదం ఎక్కువ. తర్వాతి కాన్పు నెలలు నిండకముందే అయ్యే అవకాశమూ పెరుగుతుంది. ఈ ముక్క నాకు ఎనిమిదో నెలలోనే చెప్పి ఉంటే ఆ నవ్వు మీద అంత కోపం వచ్చేది కాదు.

సరేనన్నాను. అప్పుడొచ్చింది ఒప్పుకోలు ఫారం. నొప్పి పీక్‌లో ఉండగా పెన్ను చేతిలో పెట్టారు! తర్వాత ఫైల్ తీసి చూస్తే నా సంతకం మొదటి అక్షరం దగ్గర మొదలై కాగితం అంచు దాకా ఒక గీతలా జారిపోయింది. ఏ బ్యాంకూ ఒప్పుకోని ఆ సంతకంతో నా మీద ఏ పరికరమైనా వాడొచ్చని రాసిచ్చాను. ఆ ఫారం నెల ముందు ఇంటికిచ్చి చదువుకోమంటే ఎవరి సొమ్ము పోయింది?

గొట్టం పెట్టి మూత్రం తీసేశారు, కింద కొంచెం కోశారు. మొదటి లాగుడుకి కప్పు "టప్"మని ఊడిపోయింది. మా ఆయన ముఖం తెల్లబోయింది, బిడ్డకేదో అయిందనుకున్నాడట. ఊడిపోవడం మామూలేనని, మూడు నొప్పుల్లో పని కాకపోతే పట్టుపట్టకుండా ఆపేస్తారని మాకెవరూ చెప్పలేదు. రెండోసారి కప్పు నిలిచింది. బిడ్డ ఏడ్చింది, నేను ఏడ్చాను, మేడమ్ చెమట తుడుచుకున్నారు.

పాప నెత్తిన చిన్న గిన్నె బోర్లించినట్టు బుడిపె. చూడ్డానికి వచ్చినవాళ్లంతా నన్ను వదిలేసి దాన్నే చూశారు. "తల ఇలాగే ఉండిపోతుందా?" అని నా ముందే గుసగుసలు. రెండు రోజుల్లో అణిగిపోయింది. కామెర్లొచ్చి రెండు రోజులు లైట్ల కింద పెట్టారు, అంతే. అందరికీ ఇంత తేలిగ్గా పోతుందని నేననను. అరుదుగా తల చర్మం కింద ఎక్కువ రక్తం చేరొచ్చు, అందుకే బిడ్డని కనిపెట్టుకుని ఉంటారు. కుట్ల విషయం మాత్రం నన్నడగండి. మూడు వారాలు పక్కకి ఒరిగి కూర్చున్నాను. ఫోర్సెప్స్ అయితే (పాతకాలం వాళ్లు కొరముట్లు అనేవాళ్లు) చిరుగు ఇంకా ఎక్కువ. బ్రిటన్‌లో కాన్పుల డాక్టర్ల సంస్థ రాయల్ కాలేజ్ వాళ్ల లెక్కలో మలద్వారం కండరం దాకా చిరగడం మామూలు కాన్పుల్లో నూటికి 3, వాక్యూమ్‌తో 4, ఫోర్సెప్స్‌తో 8 నుంచి 12. అయితే తల బయటికి తేవడంలో వాక్యూమ్ కంటే ఫోర్సెప్స్ ఫెయిలయ్యేది తక్కువ. ఆ ఫోర్సెప్స్‌ని ఇంగ్లండ్‌లో చేంబర్లెన్ అనే వైద్య కుటుంబం వందేళ్లకు పైగా బయటివాళ్లకి తెలియకుండా దాచిపెట్టిందట. మన లేబర్ రూముల్లో ఇప్పటికీ ఆ కుటుంబమే పనిచేస్తోందని నాకనుమానం.

ఇక "నార్మలేనా?" అని ఫోన్లు. అవునంటే "అదృష్టవంతురాలివి" అంటారు, వాక్యూమ్ అంటే "అయ్యో" అంటారు. నాకు కుట్లు పడ్డాయి, రెండు గంటలు ముక్కాను, ఇందులో అదృష్టమేదో అయ్యో ఏదో నాకర్థం కాలేదు.

నా ఒక్క అనుభవంతో వాక్యూమే గొప్పదని వాదిస్తున్నాననుకోకండి. మా చెల్లికి కూడా పది సెంటీమీటర్లు తెరుచుకుంది, కానీ తల పైనే ఆగిపోయింది, కిందికి దిగనే లేదు. తన మేడమ్ కప్పు మాటే ఎత్తకుండా థియేటర్‌కి తీసుకెళ్లారు. అదే సరైన పని. పైనున్న తలకి కప్పు పెట్టి లాగడం ధైర్యం కాదు, మొండితనం. అలాగే 34 వారాలు నిండని బిడ్డకి సాధారణంగా వాక్యూమ్ పెట్టరు.

అందుకే "పరికరాలు వద్దు" అని రాసిచ్చే బదులు మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి. తల ఎంత దిగింది, ఎటు తిరిగింది? ఎన్నిసార్లు లాగి ఆపేస్తారు, ఆ తర్వాత థియేటర్ సిద్ధంగా ఉందా? లాగేది ఎవరు, వాళ్లకి బాగా అలవాటేనా? మూడోది అడగడానికి మొహమాటపడకండి, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైంది అదే. అయినా అడిగే ఓపిక అప్పుడు మీకుండదు, పక్కనుండేవాళ్లకి ముందే నేర్పండి. రెండో కాన్పుకి నేను ఈ మూడూ మా ఆయన ఫోన్‌లో రాసిపెట్టాను. అవి చదివే అవసరమే రాలేదు, ఆయన కారు పార్క్ చేసి పైకొచ్చేసరికే బాబు పుట్టేశాడు.