ఆల్ప్స్‌లో ఇచ్చే మస్కట్ వైట్ వైన్ తియ్యగా ఉండదేం?

ద్రాక్షరసంలోని చక్కెర దాదాపు అంతా పులిసి ఆల్కహాల్‌గా మారేదాకా ఆగుతారు కాబట్టి, ఇటలీ ఉత్తరాన ఉన్న దక్షిణ టిరోల్‌లో మస్కట్ వైన్ చాలాసార్లు తియ్యగా ఉండదు. అక్కడ దీనికి వాడే మస్కట్ ద్రాక్షను జర్మన్‌లో గోల్డ్‌మస్కటెల్లర్ అనీ, ఇటాలియన్‌లో మొస్కాతో జాల్లో అనీ అంటారు.

మరి గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే తీపి అనిపిస్తుందే? ఆ పూల వాసన చక్కెరది కాదు. పండు తొక్కలో ఉండే లినలూల్, జెరానియోల్ వంటి పదార్థాలది (మన ధనియాల వాసనలోనూ ముఖ్యపాత్ర లినలూల్‌దే). చక్కెర పోయినా ఆ వాసన మిగులుతుంది. పైగా కొండల్లో రాత్రిళ్లు చల్లగా ఉండటం వల్ల పండులో పులుపు బాగా నిలుస్తుంది.

ఇటలీలోనే పీడ్‌మాంట్ ప్రాంతంలో చేసే మొస్కాతో దాస్తి అనే మస్కట్ వైన్ చూడండి. ఆల్కహాల్ సుమారు 5 శాతానికి రాగానే బాగా చల్లబరిచి పులియడం ఆపేస్తారు, అందుకే అది తియ్యన.

మస్కట్ అంటేనే తీపి వైన్ అనుకోవడం పొరపాటు. అది ద్రాక్ష పేరు, రుచి పేరు కాదు. అలాగని దక్షిణ టిరోల్‌లో తియ్యనిది దొరకదనీ కాదు, ఎండబెట్టిన ద్రాక్షతో అదీ చేస్తారు. తీపి వద్దనుకుంటే ‘ట్రోకెన్’ లేదా ‘సెక్కో’ అని అడగండి.