ఆయన ఒక్కరే నవ్వుకుంటున్నారు

ప్రశ్న: మా పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మావారు ఆఫీసు నుంచి వచ్చి, భోంచేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటారు. రెండు నెలలుగా ఒకటే గేమ్, ‘ది స్టాన్లీ పారబుల్’. అందులో ఫైటింగ్ లేదు, రేసు లేదు. ఎవరూ లేని ఆఫీసులో నడుస్తూ ఉంటారు. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి మొదలు. మధ్యమధ్యలో ఒక్కరే పడీపడీ నవ్వుతారు. ఏముంది అందులో అని అడిగితే ‘నీకు అర్థం కాదులే’ అన్నారు. నాతో అలా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు. ఇది అడిక్షనా? మాన్పించడం ఎలా?

జవాబు: ‘నాతో అలా నవ్వి ఎన్నాళ్ళయిందో’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయానమ్మా. అసలు బాధ అక్కడుందని నాకనిపించింది. దాని దగ్గరికి వస్తాను. ముందు గేమ్ సంగతి చెప్పనివ్వండి, ఎందుకంటే అది మీకు అర్థం కానంత పెద్ద విషయమేమీ కాదు.

మీ ఉత్తరం చదివాక రెండు సాయంత్రాలు కూర్చుని నేనూ ఆడి చూశాను. స్టాన్లీ ఒక పెద్ద ఆఫీసులో 427వ నంబరు ఉద్యోగి. తెర మీద ఏ మీట నొక్కమని వస్తే అది నొక్కడమే అతని పని. ఒకరోజు ఆదేశాలు రావడం ఆగిపోతుంది. లేచి చూస్తే ఆఫీసులో నరమానవుడు ఉండడు. నడుస్తూ పోతే పక్కపక్కనే రెండు తలుపులు. కథ చెప్పే గొంతు ‘స్టాన్లీ ఎడమవైపు తలుపులోంచి వెళ్ళాడు’ అంటుంది. మనం ఇంకా అడుగైనా వేయలేదు. కుడివైపు తిరిగామా, ఆ పెద్దమనిషి నొచ్చుకుంటాడు, సర్దిచెప్పుకుంటాడు, కథను మళ్ళీ తన దారిలోకి తెచ్చుకోవాలని నానా తంటాలు పడతాడు. ఆయన చెప్పినవన్నీ బుద్ధిగా వింటే స్టాన్లీకి స్వేచ్ఛ దొరికి కథ హాయిగా ముగుస్తుంది. వినకపోతే ఎక్కడెక్కడికో పోతుంది. ముగింపులు ఒకటీ రెండూ కావు, చాలా ఉన్నాయి. అందుకే మీవారు మళ్ళీ మళ్ళీ మొదటికి వెళ్తున్నారు.

నన్ను పట్టేసింది మాత్రం ఒక చీపుళ్ళ గది. దారిలో కనిపిస్తే లోపలికి వెళ్ళి నిలబడ్డాను. చూడ్డానికి ఏమీ లేదు, చేయడానికీ ఏమీ లేదు. అక్కడ ఏమీ లేదని గొంతు చెప్పింది. నేను కదల్లేదు. బయటికి రమ్మంది. కదల్లేదు. చివరికి కంప్యూటర్ ముందున్న మనిషికి ప్రాణం పోయిందేమోనని అనుమానపడి, ఇంకెవరినైనా పిలవమంది. ఒంటరిగా ఉన్నదాన్ని పైకే నవ్వేశాను. నేను చేసిన పనికిమాలిన పనిని కూడా ఎవరో ముందే ఊహించి, నా కోసం ఓ జవాబు రాసి పెట్టారు. ఆ సంతోషం చిన్నది కాదు.

మీవారి ఉద్యోగం ఎలాంటిదో మీరు రాయలేదు. నా దగ్గరికి వచ్చే ఉద్యోగస్థుల్లో చాలామంది చెప్పేది ఒక్కటే: రోజంతా ఎవరో చెప్పిన పని, వాళ్ళు చెప్పిన టైముకి. కాదంటే ఏమవుతుందోనని టెన్షన్. అలాంటి మనిషికి, తప్పు దారి పట్టినా ఎవరూ మార్కులు తగ్గించని చోటు, పైగా ఆ తప్పుకి ఓ కొత్త గదీ కొత్త జోకూ దొరికే చోటు ఎంత ఊరటగా ఉంటుందో ఆలోచించండి. ఆఫీసు నుంచి వచ్చి మళ్ళీ ఆఫీసులోనే తిరగడం వింతగా కనిపిస్తుంది కానీ, ఈ ఆఫీసులో ఆయన ‘కాదు’ అనగలుగుతున్నారు.

ఇక అడిక్షన్ మాట. నిద్ర చెడుతోందా? ఆఫీసుకి ఎగనామం పెడుతున్నారా? డబ్బు పోతోందా? అడ్డుకుంటే కోపంతో ఊగిపోతున్నారా? ఇవేవీ మీరు రాయలేదు. ఉంటే మాత్రం డాక్టరును కలవడం ఆలస్యం చేయకండి. ఇది రోజూ హాజరు వేయించుకునే ఫోన్ గేమ్ లాంటిది కాదు. ఒక్కో ముగింపు చాలావరకు కాసేపట్లోనే అయిపోతుంది. 2013లో దీన్ని విడుదల చేసినవాళ్ళు, అయిదేళ్ళ పాటు గేమ్ ముట్టుకోనివాళ్ళకి ఒక బహుమతి కూడా పెట్టారు. దాని పేరే ‘బయటికి వెళ్ళు’. 2022లో వచ్చిన పెద్ద వెర్షన్‌లో దాన్ని పదేళ్ళు చేశారు. కాబట్టి ‘రోజుకి ఒకటో రెండో ముగింపులు’ అని మీరిద్దరూ అనుకుంటే అది జరగని పని కాదు. డిలీట్ చేయడం, చిన్నపిల్లాడిలా ఏమిటిది అనడం మాత్రం వద్దు. ఆయన తనంతట తాను నవ్వుకుంటున్న ఒక్క చోటునీ మీరు లాగేసుకున్నట్టు అవుతుంది.

ఇప్పుడు మీ మాట దగ్గరికి వస్తాను. ఆయన నవ్వుతున్నందుకు మీకు బాధ లేదు. ఆ నవ్వులో మీరు లేనందుకు బాధ. అది న్యాయమైన బాధ. ఒక రాత్రి ఇంకో కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చోండి. హెడ్‌ఫోన్స్ తీసి స్పీకర్ పెట్టమనండి. మాటలు ఇంగ్లీషులో గబగబా సాగుతాయి, సబ్‌టైటిల్స్ కూడా పెట్టించండి. ‘మీరు నడపండి, ఎటు వెళ్ళాలో నేను చెబుతాను’ అనండి. ఆయన వంద సార్లు చూసిన గదిలోకి మీరు మొదటిసారి అడుగు పెడుతుంటే, ఆయన చూపు తెర మీద కన్నా మీ మొహం మీదే ఎక్కువ ఉంటుంది. కొందరికి ఇలాంటి గేముల్లో కళ్ళు తిరుగుతాయి. అలా అనిపిస్తే కాస్త దూరంగా జరిగి, గదిలో లైటు వేసి ఉంచండి.

అది బాగుందనిపిస్తే ‘ఫైర్‌వాచ్’ అని ఇంకోటి ఉంది, 2016లో వచ్చింది. అడవిలో మంటలు రాకుండా కాపలా కాసే మనిషి, వాకీటాకీలో అవతలి గొంతుతో మాట్లాడుతూ తిరుగుతాడు. ఏ జవాబు చెప్పాలో మనమే ఎంచుకోవాలి, అదీ కొద్ది సెకన్లలో. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే, ఊరుకున్నామన్నది కూడా అవతలివాళ్ళకి జవాబుగానే అందుతుంది. భార్యాభర్తలు కలిసి కూర్చుని ఆడదగ్గదని నా అభిప్రాయం. మాటల మధ్య ఇంటి సంగతులు వాటంతటవే బయటికొస్తాయి. ఆఫీసులో ఏం జరుగుతోందో అడగడానికి కూడా అదే మంచి సమయం.

పక్కన కూర్చోనివ్వకపోతే? అదీ జరగొచ్చు. అప్పుడు గేమ్ మీద గొడవ పెట్టుకోకండి. ఆయన ఆట ఆపి లేచే వేళ చూసి, ‘మీరు అక్కడ ఒక్కరే నవ్వుతుంటే నేను తలుపు బయట ఉండిపోయినట్టు ఉంటోంది’ అని చెప్పండి. నాకు రాసిన దాన్లో సగం నిజాయితీతో చెప్పినా చాలు. తర్వాత ఇంకో మాట కలపకండి, వంటింట్లోకి వెళ్ళిపోకండి. ఆయన ఏదో ఒకటి చెప్పేదాకా అక్కడే కూర్చోండి.