బోరు నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందా? గిన్నె అడుగున కట్టే తెల్లని పొర ఏ రకం మార్పు?

మీరు అడిగినవి రెండు. నీరు మరగడం భౌతిక మార్పు అని మీ అమ్మాయి పుస్తకంలో ఉంటే, బోరు నీళ్లు కాచిన గిన్నెలో తెల్లని పొర ఎక్కడి నుంచి వచ్చింది? ఆ పొర రూపంలో ఫ్లోరైడ్ బయటికి వచ్చేసినట్టేనా? రెండోది తాగే నీటి సంగతి కాబట్టి ముందు దానికే జవాబు: రాలేదు. మరిగించినందువల్ల ఫ్లోరైడ్ పోదు, పైగా నీళ్లలో దాని గాఢత పెరుగుతుంది.

మునుగోడు వైపు ఉన్నత పాఠశాలల్లో చాలాకాలం భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పాను. ఈ ప్రశ్న పిల్లలకంటే వాళ్ల తల్లులే ఎక్కువగా అడిగేవారు. "సార్, ఫ్లోరిన్ అంతా అడుగున పేరుకుంది చూడండి, ఇక ఈ నీళ్లు తాగొచ్చు కదా" అని ఒకావిడ గిన్నె తెచ్చి మరీ చూపించారు. ఆమె ఆలోచించిన తీరు సరైనదే. పేరుకున్నది మాత్రం ఫ్లోరైడ్ కాదు.

ఆ గిన్నెలో ఒకేసారి రెండు మార్పులు జరుగుతాయి. నీరు ఆవిరవుతుంది. ఆవిరి కూడా నీరే, కాబట్టి ఇది భౌతిక మార్పు. కరిగి ఉన్న ఫ్లోరైడ్ ఆవిరితో వెళ్లదు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న 10 లీటర్ల నీళ్లు కాగి 8 లీటర్లయ్యాయనుకోండి, ఇప్పుడు లీటరుకు 2.5 మిల్లీగ్రాములు. తాగునీటిలో ఇది 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు పరవాలేదని మన దేశ ప్రమాణం.

రెండోది అచ్చమైన రసాయనిక మార్పు. బోరు నీళ్లలో కాల్షియం బైకార్బనేట్ కరిగి ఉంటుంది, ఇలాంటి నీటినే కఠిన జలం అంటారు. వేడికి అది విడిపోయి కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, నీటిలో కరగని కాల్షియం కార్బనేట్ అడుగున అట్ట కడుతుంది. అంటే మీరు గీకి పారేసేది సున్నపురాయి పదార్థమే. దానిపై నిమ్మరసం పిండి చూడండి, బుసబుసమని నురగ వస్తుంది. ఆ పొరలో కాస్తో కూస్తో ఫ్లోరైడ్ చిక్కుకున్నా నమ్ముకునేంత కాదు.

'వెనక్కి మళ్లించగలిగితే భౌతిక మార్పు, లేకపోతే రసాయనిక మార్పు' అని పిల్లలతో బట్టీ పట్టిస్తారు. నాకు ఈ సూత్రం మీద ఎప్పుడూ గురి కుదరలేదు. క్వారీలో గ్రానైట్‌ను కంకరగా కొడితే మళ్లీ బండ కాదు, అయినా అది భౌతిక మార్పే. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు దొరికే సున్నపురాయి సంగతి చూడండి. బట్టీలో బాగా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వదిలి పొడి సున్నం అవుతుంది. నీళ్లు పోస్తే సలసల కాగి తడి సున్నం అవుతుంది. గోడకు పూశాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని తిరిగి కాల్షియం కార్బనేట్‌గా మారుతుంది. మూడూ రసాయనిక మార్పులే, చివరికి మొదటి పదార్థమే చేతికొచ్చింది! అందుకే కొత్త పదార్థం పుట్టిందా లేదా అన్నది చూడమనండి, చాలు.

ఫ్లోరైడ్ తీయడానికి మన జిల్లా పేరుతోనే నల్లగొండ పద్ధతి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. నీటిలో సున్నం, పటిక, సూక్ష్మజీవుల కోసం కాస్త బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియబెడతారు. పటిక నుంచి అల్యూమినియం హైడ్రాక్సైడ్ దూదిపింజల్లా ఏర్పడుతుంది, ఇది రసాయనిక మార్పు. ఫ్లోరైడ్ ఆ పింజలను పట్టుకుని వాటితోపాటే అడుగుకు దిగుతుంది. ఆ తర్వాత తేరిన నీటిని వేరు చేయడం, వడకట్టడం భౌతిక ప్రక్రియలు. బురదనీటిని తేర్చడానికి ఇంట్లో పటిక ముక్క తిప్పినంత మాత్రాన ఈ పని కాదు. నీటి క్షారతను, ఫ్లోరైడ్‌ను పరీక్షించి మోతాదు లెక్క కట్టాలి. మోతాదు తప్పితే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది. అడుగున మిగిలిన మడ్డిని పశువులకు అందకుండా పారబోయాలి. ఇంత పని ఇంట్లో రోజూ చేయడం కష్టం, నేనైతే సలహా ఇవ్వను.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తాగునీటిలో ఉండే మోతాదులో రుచికీ తెలియదు. బోరు నీళ్లను ప్రభుత్వ నీటి పరీక్ష కేంద్రంలో చూపించండి. తాగడానికి, వంటకు కూడా మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి. బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు సరిపోతాయి.

అమ్మాయికి పరీక్షలో 'నీరు మరగడం' అని మాత్రమే ఇస్తే భౌతిక మార్పు అని రాయమనండి. 'కఠిన జలాన్ని మరిగించడం' అని ఇస్తే రెండూ జరుగుతాయని రాసి, కాల్షియం బైకార్బనేట్ సమీకరణం పక్కన పెడితే మార్కులు తగ్గించడానికి దిద్దేవారికి కారణం దొరకదు.