ధిక్కారం: ఆ మాట ఎక్కడిది, దేనికి వాడాలి

‘ధిక్కారం’ అంటే మొండితనమేనా, ఆ మాట ఎలా పుట్టింది అని అడిగారు. మొండితనం అందులో ఒక పాలు మాత్రమే. ఆజ్ఞ ఉందని తెలిసి, ఇచ్చినవారికి ఆ అధికారం ఉందనీ తెలిసి, కావాలనే కాదనడం ధిక్కారం.

మాట సంస్కృతం నుంచి వచ్చింది. ‘ధిక్’ అనేది ‘ఛీ’ అని నిందించే అవ్యయం. దానికి ‘కారం’ చేరి ఛీకొట్టడం అనే అర్థం ఏర్పడింది. వసిష్ఠుని బ్రహ్మదండం ముందు తన అస్త్రాలన్నీ వమ్మైనప్పుడు విశ్వామిత్రుడు క్షత్రియబలాన్ని నిందించింది ఈ ‘ధిక్’తోనే. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోని దండనల వరుస నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది: మొదట వాగ్దండం (మాటతో మందలింపు), తరువాత ధిగ్దండం (‘ధిక్’ అని ఛీకొట్టడం), మూడోది ధనదండం (జరిమానా), ఆపైన వధదండం (దేహశిక్ష). అంటే తప్పు చేసినవాడిని రాజు ఛీకొట్టడానికి పనికివచ్చిన మాటే, తెలుగులో రాజు మాటను కాలదన్నడానికి పేరైంది.

హనుమకొండలో ఒక న్యాయవాది దగ్గర చాలాకాలం తెలుగు దరఖాస్తులు రాశాను. హైకోర్టు స్టే ఉన్న పొలంగట్టు మీద కడీలు (రాతి స్తంభాలు) పాతించిన ఒక పెద్దాయన నోటీసు పట్టుకొచ్చి, “సారూ, జడ్జిగారిని నేను పల్లెత్తు మాట అనలే, ధిక్కారమని ఎట్ల రాసిండ్రు?” అని అడిగారు. ఆయన మనసులో ఉన్నది ఆ పాత అర్థమే. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టంలో రెండు రకాలున్నాయి: కోర్టు పరువు తీసే మాటలు, రాతలు, చేతలు క్రిమినల్ ధిక్కారం కిందికి వస్తాయి, ఉత్తర్వును బుద్ధిపూర్వకంగా పాటించకపోవడం సివిల్ ధిక్కారం. ఏదైనా 6 నెలల వరకు సాధారణ జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఆ ‘బుద్ధిపూర్వకంగా’ అన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది. మేడారం కథను మన దగ్గర అందరూ చెప్పుకుంటారు. కరువొచ్చి కప్పం కట్టలేమని సమ్మక్క భర్త, కోయ దొర పగిడిద్దరాజు అంటే, కాకతీయ ప్రభువు దానిని ధిక్కారంగా తీసుకుని సేనను పంపాడట. కట్టలేకపోవడం వేరు, కట్టనని నిలబడటం వేరు. ఆ తేడా చూడకుండా ఈ మాట వాడటం అన్యాయం.

కాబట్టి చెప్పిన మాట వినని పిల్లవాడు మొండికేశాడనండి. సర్క్యులర్‌ను చదవకుండా పక్కన పడేసిన ఉద్యోగి దానిని బేఖాతరు చేశాడనండి. చదివి, సంతకం పెట్టి, ఆపైన చేయనన్నవాడి విషయంలోనే ‘ధిక్కరించాడు’ అని రాయండి.