తండ్రీకొడుకుల కామెడీ డాన్స్‌కి పెద్ద పేరు వస్తుందా?

ప్రశ్న: వైజాగ్‌లో మా కాలనీ చవితి పందిట్లో ఓ తండ్రీకొడుకులు కామెడీ డాన్స్ వేస్తే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వీళ్లు పందిరి దాటి ఎదగగలరా?

తప్పకుండా. 2009లో 'బ్రిటన్స్ గాట్ టాలెంట్' అనే బ్రిటన్ టీవీ టాలెంట్ పోటీలో స్టావ్రోస్ ఫ్లాట్లీ అనే తండ్రీకొడుకుల జోడీ ఫైనల్ దాకా వెళ్లింది. వాళ్లది సైప్రస్ గ్రీకు మూలాలున్న కుటుంబం. ఐరిష్ డాన్సర్ మైఖేల్ ఫ్లాట్లీని అనుకరించారు. పొడుగాటి విగ్గులు, చొక్కాల్లేని ఒళ్లు, ఊగే పొట్టలు. సంప్రదాయ ఐరిష్ డాన్స్‌లో నడుం పైభాగం బిగుసుకుని ఉంటుంది, పనంతా కాళ్లదే. అలాంటి డాన్స్‌లో పొట్ట ఊగితే నవ్వు దానంతటదే వస్తుంది. మధ్యలో వాళ్ల సొంత గ్రీకు ఆటలోకి దూకడం అసలు దెబ్బ.

అయితే దేన్ని అనుకరిస్తున్నారో చూసేవాళ్లకు ముందే తెలిసుండాలి. అందుకే మీ జోడీ అందరికీ తెలిసిన హీరో స్టెప్పుతో సీరియస్‌గా మొదలుపెట్టి, హఠాత్తుగా మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లలోకి మారితే బాగుంటుంది. గుండెల మీద తప్పెట, కాళ్లకు గజ్జెలు. ఆ అడుగులు మాత్రం తెలిసిన కళాకారుల దగ్గర శ్రద్ధగా నేర్చుకోవాలి, వెక్కిరింతగా అస్సలు ఉండకూడదు. స్టేజీ మీద నాన్న నవ్వకూడదు. ఆయన ముఖం ఎంత గంభీరంగా ఉంటే జనం అంత నవ్వుతారు. కొడుకు అదే అడుగు రెట్టింపు వేగంతో వేయాలి. మూడు నిమిషాలు దాటనివ్వొద్దు.

వీడియో తీసేటప్పుడు కాళ్లు ఫ్రేములో ఉండేలా చూడండి.