మీ వ్యాసంలోని ‘ఎందుకో’

చిరంజీవికి ఆశీస్సులు.

వయసులో మీరు నా మనవడి ఈడువారే అయినా, మనకు ముఖపరిచయం లేదు కనుక ‘మీరు’ అనే రాస్తున్నాను. అమెరికా నల్లజాతి గాయకుల సోల్ సంగీతపు పాత రికార్డుల మీద మిషిగన్ నుంచి మీరు పంపిన 11 పేజీల వ్యాసం అందింది. ఒకసారి ఇష్టంగా చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ఈ లేఖ ఆ రెండో చదువు ఫలితం.

మీ నాలుగో పేజీలో అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ గురించి ఈ వాక్యం ఉంది: ‘స్టీవీ వండర్ ఇటాలియన్‌లో పాడిన ఈ అరుదైన సింగిల్ ఎందుకో ఇటలీలో మాత్రమే విడుదలైంది.’ ఆ ‘ఎందుకో’ దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. ఆ తరువాతి పేజీన్నరలో, పక్కకో పాట ఉండే ఆ చిన్న రికార్డు కవరు అంచు ఎంత చిరిగిందో, అమ్మినవాడు మొదట ఎంత చెప్పాడో, మీరు బేరమాడి ఎంతకు దింపారో పూసగుచ్చినట్టు రాశారు. బేరానికి పేజీన్నర ఇచ్చి, ఆ రికార్డు ఈ భూమ్మీద ఉండడానికి గల కారణానికి మూడక్షరాలు విదిల్చారు. పైగా ‘అరుదైన’ అన్న మాట మీ వ్యాసంలో 31 సార్లు వచ్చింది, నేను లెక్కపెట్టాను. ఒక వస్తువు అరుదైనదని 31 సార్లు చెప్పవలసి వచ్చిందంటే, అది ఎందుకు అరుదైనదో ఒక్కసారి కూడా చెప్పలేదని అర్థం.

కారణం ఉంది. 1960ల ఇటలీలో రేడియో అంటే ప్రభుత్వ సంస్థ రాయ్ ఒక్కటే. కుర్రకారు కొత్త పాట వినేది కాఫీ బార్లలో నాణెం వేస్తే పాట వినిపించే జూక్‌బాక్సుల్లో. అమెరికాలో ఒక పాట పైకి రాగానే ఇటలీ గాయకులెవరో దానికి ఇటాలియన్ మాటలు కట్టించి పాడేసేవారు, జనం దాన్నే అసలు పాట అనుకునేవారు. ఫోర్ టాప్స్ బృందం 1966లో పాడిన ‘రీచ్ అవుట్ ఐల్ బీ దేర్’ను రీటా పవోనె ‘జీరా జీరా’గా పాడింది. ‘చేయి చాపు, నేనున్నాను’ అని భరోసా ఇచ్చిన పాట ‘తిరుగు తిరుగు’గా మారింది. ఇక ఈ పాటలు తీసిన అమెరికా కంపెనీకి, డెట్రాయిట్‌లోని మోటౌన్‌కు, మిగిలిన దారి ఒకటే: అసలు గాయకుల చేతనే, అసలు వాద్యాల మీదనే, ఇటాలియన్ మాటలు పాడించడం. ఫోర్ టాప్స్ కూడా ‘జీరా జీరా’ పాడారు. సుప్రీమ్స్ బృందం ‘యూ కాంట్ హరీ లవ్’ను ‘లామోరె వెర్రా’గా పాడారు. దాని అర్థం ‘ప్రేమ వస్తుంది’ అని. తెలుగువాడు చదివితే ప్రేమనే ‘నీకు వెర్రా?’ అని నిలదీసినట్టుంటుందన్నది వేరే సంగతి. మీ దగ్గరున్న స్టీవీ వండర్ రికార్డు, ‘ఎ ప్లేస్ ఇన్ ది సన్’కు ఇటాలియన్ రూపమైన ‘ఇల్ సోలె ఎ ది తుత్తి’, ఈ వరసలోదే. అది వింత కాదు, అచ్చమైన వ్యాపార నిర్ణయం. ఎవరో ఒక బల్ల ముందు కూర్చుని, ‘ఈ దేశంలో మన పాట మన గొంతుతోనే అమ్ముడుపోవాలి’ అని తేల్చుకున్నారు.

అది ఎలా వీలయిందో కూడా మీరు రాయలేదు. వాద్యాలు ఒక ట్రాకులో, గొంతు మరో ట్రాకులో ఉండే టేపు కనుక, పాత గొంతును పక్కన పెట్టి కొత్త గొంతును ఎక్కించవచ్చు. డ్రమ్ముల మీద పడిన ఆ దెబ్బ డెట్రాయిట్‌దే, బాస్ గిటారు డెట్రాయిట్‌దే, మాటలు మాత్రం గాయకుడికి అర్థం తెలియని పరాయి మాటలు. కాగితం మీద ఉచ్చారణ రాసుకుని, చెవితో పట్టుకుని పాడినవి.

ఇక్కడ మిమ్మల్ని మెచ్చుకోవలసిన చోటు ఒకటుంది. తెనాలి నుంచి వచ్చిన మీ అమ్మమ్మగారికి ఆ రికార్డు వినిపిస్తే, ఇంగ్లీషూ ఇటాలియనూ రాని ఆవిడ కాసేపు విని, ‘ఈ అబ్బాయి మాటలు తెలియకుండా పాడుతున్నాడురా, అయినా ఏడుపు మాత్రం వాడిదే’ అన్నారని రాశారు. మీ 11 పేజీల్లో నన్ను కదిలించిన వాక్యం అదొక్కటే. దాన్ని మీరు కుండలీకరణాల్లో పెట్టారు! ధరకు పేజీన్నర, అమ్మమ్మకు బ్రాకెట్టు. ఆ బ్రాకెట్టు తీసేయండి. ఆవిడ పట్టుకున్నది చిన్న విషయం కాదు.

ఆవిడ మాటను పట్టుకునే మీరు ముందుకు పోయి ఉండవలసింది. మీ వ్యాసం ‘తూర్పుదేశపు ఇటాలియన్ మన తెలుగు’ అన్న వాక్యంతో మొదలవుతుంది. ఆ పొగడ్త వినివిని నా చెవులు దిబ్బళ్లు వేశాయి, చదవగానే కాగితం పక్కన పెట్టేద్దామనుకున్నాను. కానీ ఆ పొగడ్త వెనక పనికొచ్చే ముక్క ఒకటుంది: రెండూ అజంత భాషలే, మాట చివర అచ్చు పలుకుతుంది. ఇంగ్లీషులో ‘లవ్’ ఒక్క దెబ్బతో తెగిపోతుంది, ఇటాలియన్‌లో ‘అమోరె’ మూడక్షరాలు సాగుతుంది. ‘సన్’ అని ఠక్కున ఆగవలసిన చోట ‘సోలె’ అని ఇంకో అచ్చు వేలాడుతుంది. సోల్ పాటలోని విరుపు హల్లు మీద తెగడంలోనే ఉంది గనుక, ఇటాలియన్ మాటలు పడగానే అదే తాళం మెత్తబడుతుంది, గాయకుడు ఒక్కోచోట చివరి అచ్చును మింగేసి మరీ తాళాన్ని కాపాడుకుంటాడు. డబ్బింగ్ సినిమాలకు పాటలు రాసిన మన కవులకు ఈ అవస్థ బాగా తెలుసు. శ్రీశ్రీ 1950లో ‘ఆహుతి’కి మాటలూ పాటలూ రాసిననాటి నుంచీ మనవాళ్లు పరాయి పెదవికి తెలుగు అక్షరం కొలిచి కుట్టినవారే. ఇది చెప్పగల స్థితిలో ఉన్నది తెలుగు రచయిత. మీరేమో పొగడ్త చెప్పి ఊరుకున్నారు.

అర్థాల సంగతీ అంతే. ‘ఎండలో ఒక చోటు’ అన్నది వెతుకులాట, ‘సూర్యుడు అందరివాడు’ అన్నది తీర్పు. ఒకే బాణీ మీద ఒకే కుర్రవాడు రెండింటినీ పాడాడు. రెండు పాటలూ పక్కపక్కన పెట్టి ఒక్క పేరా రాసి ఉంటే, మీ వ్యాసాన్ని ఎవరూ రికార్డుల జాబితా అనరు.

నేను ఈ రికార్డుల గురించి ఇంత పట్టుగా మాట్లాడడానికి ఒక కారణం ఉంది. 1970లలో నేను సరుకు ఓడల మీద రేడియో ఆఫీసరుగా పనిచేశాను. జెనోవా రేవులో ఓడ ఆగిన ఒక మధ్యాహ్నం, రేవు వెనకనున్న వయా ప్రే అనే ఇరుకు వీధిలో, లైటర్లూ గొడుగులూ అమ్మే కొట్టులో ఒక పెట్టె నిండా పాత సింగిల్స్ కనిపించాయి. వాటిలో మీ దగ్గరున్న రికార్డే స్టీవీ వండర్ బొమ్మ కవరుతో కనిపిస్తే కొన్నాను. ఇటలీవాళ్లు సింగిల్‌కు కూడా రంగుల బొమ్మతో కవరు వేసేవారు. విశాఖపట్నం చేరి చూస్తే, జూక్‌బాక్సు కోసం చేసిన ఆ ప్లేటుకు నడుమ పెద్ద కన్నం, నా గ్రామఫోను నడిమి కడ్డీ ఏమో సన్నది. కొబ్బరిచిప్ప అరగదీసి బిళ్ల తయారుచేశాను. అది సరిగ్గా నడిమధ్యన కూర్చోలేదు, పాట ప్రతి చుట్టులోనూ ఒకసారి పైకీ ఒకసారి కిందికీ ఊగింది. ఆ ఊగుడులో, ఆ తెలియని భాషలో విని, ఇది స్టీవీ వండర్ కాదు, ఎవరో ఇటలీవాడు అనుకరించి పాడిన నకిలీ అని తీర్మానించుకున్నాను. తీర్మానించుకుని ఊరుకోలేదు, వ్యాసం రాసి ఒక వారపత్రికకు పంపాను.

దాని పేరు చెప్పను. సంపాదకుడుగారు నా తొమ్మిది పేజీలను ఒకటిన్నర చేశారు. ఇటలీ జూక్‌బాక్సుల గురించి రాసిన భాగమంతా ‘పాఠకులకు అక్కర్లేదు’ అని కొట్టేసి, కొబ్బరిచిప్పను మాత్రం ఉంచి, ‘వింతలు–విశేషాలు’ శీర్షిక కింద, రెండు తలల దూడ వార్త పక్కన వేశారు. యాభై ఏళ్లయినా ఆ దూడ నాకు గుర్తుంది. అయితే నా తప్పును ఆయన మీదకు తోయలేను. నకిలీ అన్న వాక్యం నాది, దాన్ని ఆయన ముట్టుకోలేదు. నెల తిరక్కుండా ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశాడు: ‘అయ్యా, 1969లో ఆ కుర్రవాడు స్వయంగా సాన్ రెమో పోటీలో ఇటాలియన్‌లో పాడాడు, మీరు కాస్త కనుక్కుని రాయవలసింది.’ ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆయన చెప్పింది నిజం. జెనోవా నుంచి పడమటి తీరం వెంబడి పోతే వచ్చే ఊరు సాన్ రెమో. ఆ రోజుల్లో అక్కడి పాటల పోటీలో ఒక్కో పాటను ఇద్దరు వేరువేరుగా పాడాలి. ఆ ఇద్దరిలో ఒకరిగా విదేశీ గాయకులను తీసుకురావడం పరిపాటి. 18 ఏళ్ల స్టీవీ వండర్ 1969లో ‘సె తూ రగాత్సా మీయా’ పాడాడు, అదే పాటను గాబ్రియెల్లా ఫెర్రి కూడా పాడింది. అదే ఏడాది లూచో బత్తిస్తీ పాట ‘ఉనవ్వెంతూరా’ను అమెరికన్ గాయకుడు విల్సన్ పికెట్ పాడాడు. మీ వ్యాసంలో మూడో రికార్డు ఇదే. దానికీ మీరు ‘ఆశ్చర్యకరంగా’ అని రాశారు. ఆశ్చర్యం ఏమీ లేదు. పోటీ పాటకు రెండు గొంతులు ఉండాలన్న నియమం ఉంది, రెండు గొంతులూ రికార్డులుగా అమ్ముడుపోయే అవకాశం ఉంది. అలబామాలో పుట్టి చర్చి పాటలతో పెరిగిన గొంతు ఇటలీ సముద్రతీరపు పాటను బొంగురుగా ఎత్తుకోవడం నిజంగా వినదగిన విషయం. దాన్ని ‘ఆశ్చర్యకరంగా’ అన్న మాట వినిపించదు.

మీ వ్యాసంలో రెండు పేజీలు ఫ్రాంక్ విల్సన్ రికార్డు ధరకు పోయాయి. 1965లో మోటౌన్ వారి ‘సోల్’ అనే లేబుల్ మీద అచ్చై, బజారుకు రాకుండానే ఆగిపోయిన ఆ సింగిల్ ప్రతి ఒకటి 2009లో 25 వేల పౌండ్లకు పైగా పలికింది, నిజమే. అది వార్త. ఆ ధర కట్టినవాళ్లు ఎవరు, ఎక్కడివాళ్లు అన్నది కథ. ఇంగ్లండు ఉత్తరాన ఫ్యాక్టరీ ఊళ్ల కుర్రవాళ్లు, అమెరికాలో అమ్ముడుపోని పాత సోల్ ప్లేట్లు వెతికి తెప్పించుకుని, 1973 నుంచి 1981 దాకా విగన్ కసీనోలో తెల్లవార్లూ నాట్యమాడారు. లోకం కొత్త బాణీకి మారిపోతే వాళ్లు 1965 నాటి దరువును వదల్లేదు. అక్కడి డీజేలు పోటీవాళ్లకు తెలియకుండా లేబుల్ మీద తెల్లకాగితం అంటించి, గాయకుడికి దొంగపేరు పెట్టేవారు. మీరూ అదే చేశారు. రికార్డు ఎక్కడ కొన్నారో ‘ఒక ఊళ్లో, ఒక కొట్టులో’ అని దాచేశారు. డీజేకు అది వ్యాపారం. వ్యాసకర్తకు తగదు.

‘అనుకోని దేశాలు’ అన్న మీ శీర్షికా నాకు మింగుడుపడలేదు. అనుకోనిది ఎవరు? మోటౌన్ గాయకుడు స్మోకీ రాబిన్సన్, ఆయన బృందం మిరకల్స్ పాడిన ‘ది టియర్స్ ఆఫ్ ఎ క్లౌన్’ 1967లో ఒక ఎల్పీలో చేరి మూడేళ్లు పడి ఉంది. కొత్త సరుకు లేక 1970లో మోటౌన్ బ్రిటన్ కార్యాలయం దాన్ని సింగిల్‌గా తీస్తే అక్కడ మొదటి స్థానానికి ఎక్కింది. అది చూసి అమెరికాలోనూ తీస్తే డిసెంబరుకల్లా అక్కడా మొదటి స్థానమే. డెట్రాయిట్ అనుకోలేదు, లండన్ అనుకుంది.

ఇక మీ ఫోటో. వెస్ట్ గ్రాండ్ బూలెవార్డులోని 2648 నంబరు ఇంటి ముందు నిలబడి తీయించుకున్నారు. ఇప్పుడది మ్యూజియం. దాన్ని 1985లో నెలకొల్పిన ఎస్తర్ గోర్డీ ఎడ్వర్డ్స్, కంపెనీ యజమాని బెర్రీ గోర్డీకి అక్క. కంపెనీ విదేశీ వ్యవహారాలు చూసినదీ ఆవిడే. మీ ‘ఎందుకో’కు జవాబు చెప్పగల బల్ల ఆ గడప లోపలే ఎక్కడో ఉండేదని నా నమ్మకం, మీరేమో గడప బయట నవ్వుతూ నిలబడ్డారు. మళ్లీ వెళ్లండి. లోపల పనిచేసేవాళ్లను అడగండి. మీకది అరగంట ప్రయాణం, నాకు ఇక సాధ్యపడదు.

ఈ మధ్య పత్రికల ధోరణి మీకు నాకన్నా బాగా తెలుసు. ఆరువందల మాటలు దాటకూడదట, మొదటి పేరాలోనే ధర రావాలట, పది రికార్డులకు పది అంకెలు వేయాలట. మొన్న ఒక కుర్ర సంపాదకుడు ఫోను చేసి, ‘మీ ఓడ, మీ కొబ్బరిచిప్ప చాలు సార్, మిగతాది గూగుల్లో ఉంటుంది’ అన్నాడు. నా దూడకు మనవడు పుట్టినట్టనిపించింది. అలాంటివారి కోసం మీ వ్యాసాన్ని కుదించకండి, పెంచండి. ‘అరుదైన’ 31 చోట్లా కొట్టేసి, ఒక్కోచోట ఎవరు, ఎవరికోసం, ఏం చేశారో రాస్తే దానంతటదే పెరుగుతుంది. అమ్మమ్మగారితో మొదలుపెట్టండి.

ముందుమాట రాయమని అడిగారు, ఆ సంగతి తరువాత చూద్దాం.

ఒక్క సాయం చేయండి. చాలా ఇటలీ ప్లేట్లకు పాట అయిపోయాక లేబుల్‌కూ ఆఖరి గాడికీ మధ్య నున్నటి చోట, సంఖ్యతో పాటు తేదీ కూడా గీసి ఉంటుంది. నా ప్రతిలో కొబ్బరిచిప్ప ఊగినప్పుడల్లా ముల్లు అక్కడే జారిపడి ఆ అంకెలను గీకేసింది, మిగిలినవి చదవడానికి నా కళ్లు చాలడం లేదు. మీ ప్రతిని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూసి, ఆ తేదీ ఏమిటో రాయండి.

ఇట్లు
మీ శ్రేయోభిలాషి